సంక్రాంతికి బ్యాచ్ అంతా కలుస్తున్నాం, మా హైస్కూల్‌కి ఏదైనా చేద్దామని ఉంది, దేనికి ఖర్చుపెడితే మంచిది?

అడిగినవారు: 2003 టెన్త్ బ్యాచ్, పశ్చిమగోదావరి జిల్లా

అందరికీ నమస్కారం. మాది భీమవరం వైపు ఒక పల్లెటూరు, అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నాం. ఈ సంక్రాంతికి ముక్కనుమ రోజు అందరం బళ్ళోనే కలుద్దామని వాట్సాప్ గ్రూపులో అనుకున్నాం, మాకు చెప్పిన మాస్టార్లని పిలిచి శాలువా కప్పి దణ్ణం పెట్టుకోవాలని ఎప్పట్నుంచో ఉంది, ఇప్పటికి కుదిరింది. భోజనాలు, షామియానా, ఫ్లెక్సీలు పోగా లక్షన్నర దాకా మిగిలేలా ఉంది. అది బడికే పెట్టాలని అందరిదీ ఒకటే మాట, కానీ దేనికి అన్న దగ్గర తేలట్లేదు. బ్యాగులు పంచుదామని కొందరు, స్టేజీ కట్టిద్దామని కొందరు, ఆర్వో ప్లాంటు అని ఇంకొందరు. చందాలన్నీ ప్రస్తుతం నా ఫోన్‌పేకే వస్తున్నాయి. డల్లాస్‌లో ఉన్న మావాడికి అక్కడి సిటిజన్‌షిప్ వచ్చేసింది, వాడు నా అకౌంట్‌కే వెయ్యి డాలర్లు వేస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? ఇలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు: రిటైర్డ్ హెడ్మాస్టర్, గుంటూరు జిల్లా

బాబూ, మీ మాస్టార్లు బతికుండగానే పిలుస్తున్నారు, అందుకు ముందు సంతోషం. ఒక సంగతి చూసుకోండి, ముక్కనుమ నాటికి బడికి సెలవులు, హెచ్ఎం గారు సొంతూరు వెళ్ళి ఉంటారు, పిల్లలు ఉండరు, తాళాలు ఎవరి దగ్గరుంటాయో తెలీదు. అందుకని పండగ దాకా ఆగకుండా డిసెంబర్లోనే మీలో ఊరికి దగ్గర్లో ఉన్నవాళ్ళు ఒకరిద్దరు బడి నడిచే రోజు చూసుకుని వెళ్ళండి. "ఏం కావాలి సార్" అని గదిలో కూర్చుని అడిగితే మొహమాటానికి "మీ ఇష్టం బాబూ" అంటారు. అలా కాదు, బడంతా తిప్పి చూపించమనండి. ఆడపిల్లల బాత్రూముల్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా, సైన్సు ల్యాబ్ బీరువాలో పరీక్షనాళికలు ఉన్నాయా లేక దుమ్మేనా, లైబ్రరీ పుస్తకాలు పిల్లల చేతికి వస్తున్నాయా, ఇవి మీ కళ్ళతో చూస్తే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

బ్యాగులు మాత్రం వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బళ్ళలో పిల్లలకి బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం గుడ్డ, నోటు పుస్తకాలు అన్నీ కిట్టులో ప్రభుత్వమే ఇస్తోంది, సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అని ఇప్పుడు దాని పేరు. మీరిచ్చేది రెండో బ్యాగు అవుతుంది. స్టేజీ లాంటి కట్టడం ఏదైనా సరే హెచ్ఎం గారి ద్వారా పై ఆఫీసు అనుమతి వచ్చాకే మొదలుపెట్టాలి. వస్తువులు ఇస్తే ఒక ఉత్తరం మీద ఏమేమి ఇచ్చారో రాసివ్వండి, స్కూల్ యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది, వాళ్ళకి తెలిసి జరిగితే మీరు వెళ్ళిపోయాక కూడా ఆ వస్తువుని కనిపెట్టుకుని ఉండేవాళ్ళుంటారు. హెచ్ఎంలు బదిలీ అవుతుంటారు, తల్లిదండ్రులు ఊళ్ళోనే ఉంటారు.

జవాబు: నల్గొండ జిల్లా, 1998 బ్యాచ్

అన్నా, ఆర్వో గురించి నేను చెప్తా. మేం దసరాకి కలిసినప్పుడు మా బడికి పెట్టించినం, ఓపెనింగ్ మంచిగ జరిగింది, ఊరంతా మెచ్చుకున్నరు. ఏడాది తిరిగేసరికి నీళ్ళు వడగట్టే మెంబ్రేన్ పోయింది, మార్చాలంటే పైసలు ఎవరియ్యాలె అనేది తేలక అట్లనే ఉండిపోయింది, కుళాయిల కాడ పిల్లలు సైకిళ్ళు పెట్టుకుంటున్నరు, పొద్దున ఇంట్ల నుంచే సీసాల నీళ్ళు తెచ్చుకుంటున్నరు. తర్వాత మా జూనియర్ బ్యాచ్ వాళ్ళతో కూర్చుని మాట్లాడుకున్నం, ఇప్పుడు ఏ ఏడాది ఖర్చు ఏ బ్యాచ్‌ది అని ముందే రాసిపెట్టుకున్నం, ఫిల్టర్లు, కరెంటు రిపేరు అన్నీ దాంట్లనే, ప్లాంటు నడుస్తున్నది. అందుకని నేను చెప్పేది ఏందంటే, లక్షన్నర ఉంటే యాభై వేలు మించి వస్తువు మీద పెట్టకుండ్రి, మిగిలింది దాన్ని నడిపించడానికి దాచుండ్రి. స్మార్ట్ టీవీ అయినా ఇన్వర్టర్ అయినా ఇదే లెక్క.

జవాబు: చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ

డల్లాస్ ఫ్రెండ్ డబ్బు మీ పర్సనల్ అకౌంట్‌కి అస్సలు వేయించుకోవద్దు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైలు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, వాళ్ళు నిశ్చింతగా పంపొచ్చు. కానీ వేరే దేశం సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళు, భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల మీద ఉన్న 2010 ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం విదేశీ మూలం కిందకి వస్తారు. ఆయన పండక్కి వచ్చి ఇక్కడ రూపాయల్లో ఇచ్చినా అదే రూలు. బంధువులకి సొంత అవసరాలకి పంపుకోవడం వేరు, నలుగురి కోసం చందాగా తీసుకోవడం వేరు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలు కూడా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే ముందుగా తీసుకోవాలి, అలా వచ్చింది ఇంకో సంస్థకి బదిలీ చేయడం కూడా కుదరదు. మీ ఫ్రెండ్‌ని రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే ఇవ్వమనండి.

ఇక పన్ను మినహాయింపు ఎవరైనా అడిగితే, ఫోన్‌పేలో మీకు పంపినదానికి ఏమీ రాదు. విరాళాల మినహాయింపుకి 80జీ గుర్తింపు ఉన్న ట్రస్టుకి ఇస్తేనే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, క్యాష్ అయితే 2,000 దాటకూడదు, వస్తువుల రూపంలో ఇచ్చినదానికి రాదు. ఒక్కసారి ఖర్చుకి ట్రస్టు పెట్టక్కర్లేదు గానీ ఏటా చేద్దామనుకుంటే సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవడం మంచిది. అప్పటిదాకా ఇద్దరు ముగ్గురి పేరుమీద జాయింట్ అకౌంట్ తెరిచి, వచ్చింది పోయింది ప్రతి నెలా గ్రూపులో పెట్టండి. స్నేహితుల మధ్య లెక్క ఎంత స్పష్టంగా ఉంటే స్నేహం అంత బాగుంటుంది.

జవాబు: న్యూజెర్సీ, సొంతూరు తణుకు దగ్గర

మీ డల్లాస్ ఫ్రెండ్‌కి చెప్పండి, ఇక్కడ థాంక్స్‌గివింగ్ అయిన తర్వాతి మంగళవారం గివింగ్ ట్యూస్‌డే అని 2012 నుంచి చేస్తున్నారు, ఆ టైంలో చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన దానికి సమానంగా తామూ వేస్తాయి. కాకపోతే అమెరికాలో 501(సి)(3) గుర్తింపు, అంటే లాభాపేక్ష లేని సంస్థ అన్న గుర్తింపు, ఉన్నదానికి ఇస్తేనే. మన రెండు రాష్ట్రాల బళ్ళ కోసం పనిచేసే అలాంటి సంస్థలు ఉన్నాయి, కంపెనీ పోర్టల్‌లో వెతికితే దొరుకుతాయి, వెయ్యి డాలర్లు రెండు వేలవుతాయి, డిసెంబర్ 31 లోపు ఇస్తే ఆ ఏడాది ట్యాక్స్‌లో చూపించుకోవచ్చు. డబ్బే కాదు, టైం కూడా ఇవ్వమనండి. చలికాలంలో మాకు శుక్రవారం రాత్రి 9 అయితే మీకు శనివారం ఉదయం 7:30, బడి మొదలవక ముందు ఒక గంట లెక్కలైనా ఇంగ్లీషైనా చెప్పడానికి బాగా కుదురుతుంది, హెచ్ఎం గారు ఒప్పుకుని ఒక టీచర్ పక్కన ఉంటే చాలు.

జవాబు: ప్రభుత్వ హైస్కూల్ మ్యాథ్స్ టీచర్, కృష్ణా జిల్లా

తమ్ముడూ, నేను బడిలో రోజూ చూసేది చెప్తాను. పేదింటి పిల్లల్లో బాగా చదివేవాళ్ళకి కేంద్రం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకి పిల్లల్ని తయారుచేయడం కంటే మీ డబ్బుకి మంచి దారి నాకు కనపడట్లేదు. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాస్తారు, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్ళకి 48,000 కేంద్రమే పిల్లల ఖాతాలో వేస్తుంది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకి 50 చాలు. పరీక్షలో ఆలోచనా శక్తిని చూసే పేపర్ మ్యాట్, మా బడిలో బాగా చదివే పిల్లలకి కూడా ఆ ప్రశ్నలు కొత్తగా ఉంటాయి, అంకెల వరసలు, బొమ్మల పోలికలు లాంటివి, తొంభై ప్రశ్నలు తొంభై నిమిషాల్లో చేయాలి, అలవాటు లేకపోతే సగం దగ్గరే బెల్లు కొట్టేస్తారు. ఇద్దరు పిల్లలకి వచ్చినా 96,000 ఊళ్ళోకి వచ్చినట్టే, పైగా ఆడపిల్లకి పదో తరగతితో పెళ్ళి చేసేద్దాం అనుకునే ఇంట్లో ఇంకో రెండేళ్ళు చదువు నిలబడుతుంది.

ఇంకోటి మనసులో ఉన్నమాట. ఏ సాయం చేసినా పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫోటోలు తీయొద్దు. ఫలానా వాడికి ఫీజు కట్టారు అని ఊరంతా తెలిస్తే ఆ పిల్లాడు తలెత్తుకోలేడు. టెన్త్ అయ్యాక పాలిసెట్ దరఖాస్తు ఫీజు, ట్రిపుల్ ఐటీ కౌన్సెలింగ్‌కి నూజివీడు వెళ్ళొచ్చే ఛార్జీలు, ఇలాంటి చిన్నచిన్న వాటి దగ్గరే పిల్లలు ఆగిపోతారు, దానికి కొంత హెచ్ఎం గారి దగ్గర పెడితే పేర్లు బయటికి రాకుండా ఆయనే చూస్తారు.

అడిగినవారు:

అందరికీ చాలా చాలా థాంక్స్, మాస్టారూ మీరు చెప్పినట్టు మావాళ్ళు ఇద్దరు వచ్చే వారం బడికి వెళ్తున్నారు. బ్యాగుల మాట వదిలేశాం, డల్లాస్ వాడికి కూడా చెప్పేశా, వాడు శనివారం క్లాసుకి రెడీ అన్నాడు. మేడం, ఒక్క సందేహం. మేం కలిసేది జనవరిలో కదా, ఈ ఏడాది ఎన్ఎంఎంఎస్ పరీక్ష అప్పటికి అయిపోతుందేమో, మరి ఎవరితో మొదలుపెట్టాలి, ఏం కొనాలి?

జవాబు: ప్రభుత్వ హైస్కూల్ మ్యాథ్స్ టీచర్, కృష్ణా జిల్లా

అవును తమ్ముడూ, డిసెంబర్ నాటికి మామూలుగా అయిపోతుంది. మీరు ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్నవాళ్ళతో మొదలుపెట్టండి, వాళ్ళకే ఇంకా ఏడాది టైముంది, 55 శాతం తెచ్చుకోవాల్సిందీ వాళ్ళే. మ్యాట్‌కి ఒక మంచి గైడు పిల్లకొకటి కొనండి, పాఠాల మీద వచ్చే రెండో పేపర్ సాట్‌కి ఏడు, ఎనిమిది పాఠ్యపుస్తకాలే చాలు, పాత పేపర్లు మీ మ్యాథ్స్ టీచర్‌ని అడిగితే ఇస్తారు, వాటిని జిరాక్స్ తీయించి నెలకొకటి రాయించండి. వేసవి సెలవుల్లోనే ప్రతి పిల్లకీ ఆధార్‌లో, బడి రికార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉందా, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయ్యిందా అని చూసి సరిచేయించండి, ఎంపికయ్యాక కూడా డబ్బులు ఆగేది ఎక్కువగా అక్కడే. వచ్చాక ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి, ఇంటర్‌కి వేరే కాలేజీకి వెళ్ళిన పిల్లలు అది మర్చిపోతారు, మీలో ఒకరు ఆ పిల్లల నంబర్లు దగ్గర పెట్టుకుని రెన్యువల్ తెరిచినప్పుడల్లా ఫోన్ చేసి గుర్తు చేయండి.