పొదిగించే గుడ్లు పార్సిల్‌లో పంపాలంటే ఎలా సర్దాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, అసీల్ జాతి కోడిపెట్టలు ఆరున్నాయి. పోయిన నెల కరీంనగర్‌లో ఉన్న మా బావమరిదికి 20 గుడ్లు బస్సు పార్సిల్‌లో పంపాను, ఒక్కోటి న్యూస్‌పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెలో ఊక పోసి. ఒక్కటీ పగల్లేదు, చేరగానే ఇంక్యుబేటర్‌లో పెట్టేశాడు, 21 రోజులు చూస్తే లేచినవి మూడే పిల్లలు. అవే పెట్టల గుడ్లు మా ఇంట్లో పొదగేస్తే 10కి 9 లేచాయి, కాబట్టి పుంజులో లోపం లేదు. ఈ వారం మళ్లీ పంపాలి, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు 1:
పెంకు పగలకపోయినా లోపల దెబ్బ తగులుతుంది అన్నా. గుడ్డు వెడల్పు వైపు గాలి గది ఉంటుంది, కుదుపులకి దాని పొర ఊడి గాలి బుడగ అటూ ఇటూ తిరుగుతుంది, చీకట్లో టార్చ్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అందుకే సన్నకొస కిందికి ఉండేలా నిలబెట్టే సర్దాలి. ఊకలో పడుకోబెడితే దారిలో దొర్లుతాయి. నేనైతే ఒక్కోదానికి బబుల్ షీట్ చుట్టి, చిన్న పెట్టెలో ఒకదాన్నొకటి ఆనుకునేలా నిలబెట్టి, ఆ పెట్టెని పెద్ద పెట్టెలో పెట్టి కిందా పైనా నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు కాగితం ఉండలు కూరతాను. మూత వేసి మెల్లగా ఊపినప్పుడు లోపల ఏదైనా కదిలిందంటే మళ్లీ విప్పాల్సిందే. పాలిథిన్‌తో మాత్రం బిగించొద్దు, పెంకుకున్న సన్నటి రంధ్రాల్లోంచే గుడ్డుకి గాలి ఆడేది.

జవాబు 2:
చేరగానే మెషీన్‌లో పెట్టడం పెద్ద పొరపాటండీ. సన్నకొస కిందికి పెట్టి, ఒక రోజంతా చల్లటి గదిలో కదపకుండా ఉంచమనండి. గాలి గది కదిలిన గుడ్లుంటే మెషీన్‌లో పెట్టాక కూడా మొదటి రెండు మూడు రోజులు తిప్పకుండా నిలబెట్టే ఉంచాలి. మురికి అంటిందని కడగొద్దు, పెంకు మీది పూత పోతుంది. ఇంతకీ ఎన్ని రోజుల గుడ్లు పంపారు?

ప్రశ్న అడిగినవారు:
20 పోగవ్వాలని ఆగానండీ, కొన్ని 12 రోజులవి కూడా ఉన్నాయి. పార్సిల్ వేసింది మధ్యాహ్నం బస్సుకి.

జవాబు 3:
తమ్ముడూ, ప్రయాణంతో కలిపి ఏడు రోజులు దాటనివ్వకు. పెట్టిన రోజే ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ రాసుకో. గుడ్లకి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం మంచిది, 25 దాటిన వేడిలో గంటల తరబడి ఉంటే లోపల పిండం కొంచెం ఎదిగి, మళ్లీ చల్లబడగానే చచ్చిపోతుంది. ఎండలో డిక్కీ ఎంత కాలిపోతుందో నీకు తెలుసు కదా. రాత్రి బస్సుకే వేయి, తెల్లారేసరికి మీ బావమరిదిని స్టాండ్‌లో ఉండమను. ఇన్ని చేసినా దూరం వెళ్లిన గుడ్లలో సగం లేస్తే బాగా లేచినట్టే, అందుకని ఆయనకి పది పిల్లలు కావాలంటే 20 తాజా గుడ్లు పంపు.