క్రైస్తవ విశ్వవిద్యాలయంలో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ: అమెరికాలో లాభమా, నష్టమా?

తెల్లకాగితం:
ఇక్కడే పుట్టిన మన పిల్లల్లో కొందరు పోలీసు, ప్రొబేషన్ (జైలుకు బదులు బయట ఉండనిచ్చిన నేరస్థుల పర్యవేక్షణ) ఉద్యోగాల వైపు చూస్తున్నారు. లిబర్టీ లాంటి క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ఈ చదువు నష్టమే అంటాను. 120 క్రెడిట్లలో మూడు నాలుగు కోర్సులు బైబిలుకే పోతే చట్టం, స్టాటిస్టిక్స్ ఎప్పుడు నేర్చుకుంటారు?

లాఠీ:
బైబిలు కోర్సులు మామూలుగా జనరల్ ఎడ్యుకేషన్ వాటాలో పడతాయండీ, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) జోలికి రావు. అసలు చూడాల్సింది అక్రెడిటేషన్, అంటే కాలేజీకి ఉన్న గుర్తింపు. లిబర్టీకి ప్రాంతీయ గుర్తింపు ఉంది, పేచీ లేదు. ట్రాక్స్ అనే క్రైస్తవ విద్యాసంస్థల గుర్తింపు సంఘం ముద్ర మాత్రమే ఉన్న చిన్న కాలేజీలతోనే చిక్కు. ఫెడరల్ విద్యాశాఖ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ మధ్యలో స్టేట్ యూనివర్సిటీకి మారితే ఆ క్రెడిట్లు చాలాసార్లు చెల్లవు. చేరకముందే మారబోయే చోటి రిజిస్ట్రార్ దగ్గర రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంటుకైతే మేజర్ ఏదైనా ఒకటే.

గోదారిగట్టు:
ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఎఫ్‌బీఐకి పౌరసత్వం తప్పనిసరి. మామూలు క్రిమినల్ జస్టిస్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు కాబట్టి ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగానికిచ్చే అనుమతి, 12 నెలలతో సరి. ఫీజు తక్కువని ఆన్‌లైన్ డిగ్రీ ఎంచుకుంటే వీసాకే ఎసరు: పూర్తికాలపు లెక్కలోకి టర్ముకి ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది.

మూడోకన్ను:
ఉద్యోగం మాట సరే, చదువు మాటేమిటి? 1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రాళ్లు 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. వాళ్లను బాధితుల గుమ్మాల దగ్గరకే పంపించి నష్టం కట్టించాలన్న ఆలోచన మెనొనైట్లది (శాంతివాద క్రైస్తవ శాఖ). శిక్ష కన్నా బాధితుడికి జరిగిన నష్టం సరిదిద్దడమే ముఖ్యమనే రిస్టోరేటివ్ జస్టిస్ అక్కడ మొలకెత్తింది. దానికి సిద్ధాంత రూపం ఇచ్చిన హోవర్డ్ జెహర్ వర్జీనియాలోని ఈస్టర్న్ మెనొనైట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. దీన్ని మూలాల నుంచి నేర్చుకోవాలంటే ఇలాంటి చోటే మేలు.

తెల్లకాగితం:
మూలాలంటే అన్నీ తవ్వాలి మరి. 1829లో ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ జైలు తెరిచింది కూడా క్వేకర్లనే క్రైస్తవ శాఖ ప్రభావంతోనే. ఒంటరి గది, ఒక బైబిలు, పశ్చాత్తాపం. ఖైదీలు మారలేదు సరికదా, కొందరికి మతులు పోయాయి. ఆ పద్ధతిని అధికారికంగా వదిలేయడానికి 1913 దాకా పట్టింది. ఇది సిలబస్‌లో లేకపోతే ఆ డిగ్రీ సగం చదువే.

మూడోకన్ను:
ఒప్పుకుంటాను. ఇంకో ప్రమాదం కూడా ఉంది, క్షమాపణ. రిస్టోరేటివ్ జస్టిస్‌లో బాధితుడు, నేరస్థుడు ముఖాముఖి కూర్చునే ముందు ఫెసిలిటేటర్ (సమావేశం నడిపే మధ్యవర్తి) రెండు పక్షాలనూ విడివిడిగా కలవాలి. నేరస్థుడు తప్పు ఒప్పుకోవాలి, బాధితుడు ఇష్టపడి రావాలి, ఒప్పందం కాగితం మీద ఉండాలి, చెల్లింపు జరుగుతోందా అని తర్వాత ఆరా తీయాలి. "క్షమించెయ్యమ్మా, దేవుడు చూసుకుంటాడు" అనే మాట అక్కడ దొర్లిందా, చెడిందే. గృహహింస కేసుల్లో మరీను: క్షమించానన్న బాధితురాలు తిరిగి అదే ఇంటికి వెళ్తుంది. ప్రాక్టికమ్‌లో (క్షేత్రస్థాయి శిక్షణలో) దీని గురించి ఏం నేర్పుతారో అడగండి.

లాఠీ:
అయోవా కేసూ అడగండి. అక్కడి న్యూటన్ జైల్లో ప్రిజన్ ఫెలోషిప్ అనే క్రైస్తవ సంస్థ నడిపిన మతపరమైన కార్యక్రమానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2006లో ఫెడరల్ జిల్లా కోర్టు చెప్పింది. 2007లో అప్పీలు కోర్టు కూడా చాలావరకు అదే ఖాయం చేసింది. జైలు చాప్లెన్‌కి (ఖైదీల మతగురువుకి) కుదిరే దేవుడి మాట ప్రొబేషన్ ఆఫీసర్‌కి కుదరదు. ఆ తేడా వివరించని ప్రొఫెసర్లుంటే మాత్రం తెల్లకాగితం గారి పక్షమే నాదీను.