నెగాన్ వచ్చినందుకు చెడిందా, గ్లెన్ పోయినందుకు చెడిందా?

మణికొండ_మధు:
‘ది వాకింగ్ డెడ్’ మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నా. ఎండాకాలంలో మొదలుపెట్టా, ఆరు సీజన్లు ఇట్టే అయిపోయాయి. ఏడో సీజన్ దగ్గర మూడు వారాలుగా ఆగిపోయా. 2016లోనూ సరిగ్గా ఇక్కడే ఆగాను. అప్పుడు నాకు ఓపిక లేదనుకున్నా. ఇప్పుడు చెబుతున్నా, తప్పు నాది కాదు, ఆ నెగాన్ పాత్రది.

చూడనివాళ్ళ కోసం: శవాలు లేచి తిరుగుతున్న లోకంలో సేవియర్స్ అనే ముఠా పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళ దగ్గర ఉన్నదాంట్లో సగం గుంజుకుపోయే నాయకుడు వీడు. ముళ్ళతీగ చుట్టిన బేస్‌బాల్ బ్యాట్ వీడి ఆయుధం. దానికి లూసిల్ అని పేరు.

లెక్కలు చూడండి. 2016 అక్టోబర్ 23న ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో 1 కోటి 70 లక్షల మంది చూశారు. వారం తిరిగేసరికి 1 కోటి 25 లక్షల మంది కూడా లేరు. ఎనిమిదో సీజన్ చివరికి 80 లక్షల లోపు. 2022 నవంబర్‌లో మొత్తం సీరియల్ ముగిసిన రోజు 22 లక్షల చిల్లర.

అంతకుముందు విలన్ గవర్నర్ మాత్రం మంచివాడా? కథానాయకుడు రిక్ బృందంలోని పెద్దాయన హెర్షెల్ తల నరికాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. కానీ గవర్నర్ ఉన్నంతకాలం తర్వాత ఏమవుతుందో తెలిసేది కాదు. నెగాన్ వస్తాడు, ఈల వేస్తాడు, నడుం వెనక్కి వంచి నిలబడతాడు, పది నిమిషాలు మాట్లాడతాడు, ఎవరినో ఒకరిని అవమానించి పోతాడు. వచ్చే వారం మళ్ళీ అదే. నాలుగో ఎపిసోడ్ మామూలు కంటే బాగా పొడవు. అందులో రిక్ వాళ్ళుండే ఊరు అలెగ్జాండ్రియాలో ఇళ్ళలోని పరుపులు లాక్కుపోతారు. వాడుకోవడానికైనా కాదు, దారిలో పడేసి తగలబెట్టడానికి. రిక్ చేత ఆ బ్యాటే మోయిస్తాడు. సగం సీజన్ రిక్ తల ఎత్తడు. నేను ఆరేళ్ళుగా చూసిన మనిషి కాదు వాడు.

ఉప్పల్_ఉష:
పరుపులు కాల్చిన రోజే నేనూ మానేశా. ఇంతవరకూ మళ్ళీ చూడలేదు.

సోమాజిగూడ_శ్రీకర్:
మధు గారూ, మీరు ఒక్కటి మర్చిపోతున్నారు. అందరూ మర్చిపోతారు. మొదలుపెట్టింది రిక్.

ఆరో సీజన్ పన్నెండో ఎపిసోడ్ తీసి చూడండి. సేవియర్స్ స్థావరంలోకి రాత్రిపూట దొంగల్లా దూరి, నిద్రపోతున్నవాళ్ళని మంచాల మీదే పొడిచి చంపారు. నిద్రలో. పక్క ఊరు హిల్‌టాప్ వాళ్ళు తిండి ఇస్తామంటే, అప్పటికి ముఖం కూడా చూడని నెగాన్‌ని చంపడానికి ఒప్పుకున్నారు. రిక్ బృందంలోని గ్లెన్ కూడా ఆ రాత్రే మొదటిసారి మనిషిని చంపాడు, అదీ నిద్రలో ఉన్నవాణ్ణి. అంతమందిని పోగొట్టుకున్నవాడు ఊరుకుంటాడా? రిక్ మనుషుల్లో ఇద్దరిని చంపి మిగతావాళ్ళని వదిలేశాడు. ఆ లోకం లెక్కలో అది తక్కువే.

జనం తగ్గడానికి కారణం నెగాన్ కాదు, ఆరో సీజన్ ముగింపు. 2016 ఏప్రిల్ 3న బ్యాట్ ఎత్తారు, దెబ్బ కెమెరా మీద పడింది, ఎవరి తల పగిలిందో చెప్పలేదు. చెప్పడానికి ఆరున్నర నెలలు తీసుకున్నారు. అది రాసినవాళ్ళ మోసం. నెగాన్‌గా వేసిన జెఫ్రీ డీన్ మోర్గాన్ ఏం చేస్తాడు పాపం? ఆ తర్వాత చూడదగ్గ పాత్ర ఒక్కటే మిగిలింది, అది ఆయనదే.

మణికొండ_మధు:
మీ మాటలోనే నా జవాబుంది. ఎవరో ఒకరు చస్తారని అందరికీ తెలుసు, అందుకే 1 కోటి 70 లక్షల మంది వచ్చారు. చూశాక పోయారు. మోసం చేసింది ఏప్రిల్‌లో, జనం పోయింది అక్టోబర్‌లో. ముగింపు మీద కోపమే అయితే అక్టోబర్‌లో అసలు వచ్చేవాళ్ళే కాదు.

ఇక మొదలుపెట్టింది రిక్ అంటారా? హిల్‌టాప్‌లో పదహారేళ్ళ పిల్లాణ్ణి, మాట చెల్లుబాటు కావాలని, కొట్టి చంపింది ఎవరు? రోడ్డు మీద రిక్ మనుషులు డారిల్, సాషా, అబ్రహాంలను ఆపి ఆయుధాలు దించమన్నది ఎవరు? అవన్నీ స్థావరం మీద దాడి కంటే ముందే.

సోమాజిగూడ_శ్రీకర్:
ఆ పిల్లాణ్ణి చంపింది సేవియర్స్, నెగాన్ స్వయంగా కాదు. నా ప్రశ్న ఒక్కటే. నిద్రలో చంపడం తప్పా కాదా?

మణికొండ_మధు:
గోడ మీద ఫొటోలు చూశారా మీరు? తలలు పగిలిన మనుషుల ఫొటోలు వరసగా అంటించుకుని, వాటి కింద పడుకున్నారు వాళ్ళు. గ్లెన్ ఆ గదిలోనే నిలబడి చూశాడు.

సోమాజిగూడ_శ్రీకర్:
ఫొటోల సంగతి అడగలేదు. నిద్రలో చంపడం తప్పా కాదా?

అల్వాల్_అరుణ:
మీ ఇద్దరి నిద్ర గొడవ అలా ఉంచండి. నా లెక్కలో సీరియల్ పోయింది రిక్ కొడుకు కార్ల్‌ని చంపినప్పుడు. ఎనిమిదో సీజన్ సగంలో, 2017 డిసెంబర్‌లో కాటు, 2018 ఫిబ్రవరిలో చావు. దీనికి మూలమైన కామిక్‌లో 193 సంచికల్లోనూ కార్ల్ బతికే ఉంటాడు, చివరి సంచికలో పెళ్ళాం బిడ్డతో కనిపిస్తాడు. కథంతా ఆ పిల్లాడి కోసమే. ఈ పాడు లోకంలో ఒక పిల్లాడు మనిషిగా ఎలా పెరుగుతాడన్నదే ఈ కథ. వాణ్ణే తీసేస్తే ఇంకేం చూడాలి? మావాడికి కార్ల్ ఈడే. ఇద్దరం కలిసి చూసేవాళ్ళం. కార్ల్‌కి శవం కాటు పడిందని, ఇక బతకడని తెలిసిన ఎపిసోడ్ అయ్యాక వాడు లేచి వెళ్ళి పడుకున్నాడు. మళ్ళీ పెడదామా అని అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు వాడు పుణేలో ఉద్యోగం చేస్తున్నాడు. మేమిద్దరం కూర్చుని చూసిన ఆఖరి సీరియల్ అదే.

తీసేవాళ్ళు మారిపోతూ వచ్చారు. మొదటి సీజన్ చేసిన ఫ్రాంక్ డారబాంట్‌ని రెండో సీజన్ తీస్తుండగానే పంపించేశారు. తర్వాత మజారా, తర్వాత గింపుల్, తొమ్మిది నుంచి ఆంజెలా కాంగ్. ఆవిడ వచ్చాక కొంత కుదుటపడింది, కానీ అప్పటికే కార్ల్ లేడు. ఆ సీజన్ ఐదో ఎపిసోడ్‌తో రిక్ కూడా వెళ్ళిపోయాడు.

బోడుప్పల్_బాలు:
అబ్రహాం కూడా అదే రోజు, గ్లెన్ కంటే ముందే పోయాడు. ఆయన గురించి ఒక్కరూ మాట్లాడరేం?

గల్లీ_నంబర్_7:
చానా రోజుల నుంచి చదువుతున్న, ఎన్నడూ రాయలే. ఇయ్యాల రాస్త.

శ్రీకర్ అన్నా, ఇద్దరిని చంపి వదిలేసిండు, తక్కువే అన్నవ్. ఆ ఇద్దరిల ఒకడు గ్లెన్. గ్లెన్ ఎవడు? పిజ్జా డెలివరీ పిలగాడు. అట్లాంటల గల్లీలు, సందులు అన్నీ వానికి ఎరుకే. రిక్ ట్యాంకుల ఇరుకుంటే రేడియోల మాట్లాడి, ఎటు ఉరకాల్నో చెప్పి బయటికి తెచ్చింది వాడు. పోలీసాయనను డెలివరీ పిలగాడు కాపాడిండు. నేను చూసిన సినిమాలల్ల డెలివరీ పిలగాడు అంటే తలుపు కొడ్తడు, పైసలు తీస్కుంటడు, పోతడు. అంతే.

నేను 2014 నుంచి మూడేండ్లు పిజ్జాలు ఏసిన. ఎస్సార్ నగర్ హాస్టల్ల ఒక్క రూముల నలుగురం. అమెరికల ఆదివారం రాత్రి వస్తే మనకు సోమవారం పొద్దుగాల. మేం డ్యూటీ దిగి, సోమవారం రాత్రి ఒంటిగంటకు ఒక్క లాప్‌టాప్ ముంగట నలుగురం కూసునెటోళ్ళం. నన్ను రూముల గ్లెన్ అనే పిలిచెటోళ్ళు.

2015ల చెత్తడబ్బా మీదికెల్లి శవాల నడుమల పడ్డడు గ్లెన్. సచ్చిండా బతికిండా చెప్పలే. టైటిల్స్‌ల ఆ నటుని పేరు సుత తీసేసిన్రు, మేం నమ్మాలని. నాలుగు వారాలు ఏడిపిచ్చి, డబ్బా కింద దాసుకున్నడు, బతికే ఉన్నడు అన్నరు. ఏడాది తిరగకముందే బ్యాటుతోని సంపిన్రు. కన్ను బయటికొచ్చి, పెండ్లాం మాగీతో మాట్లాడబోతుంటే మల్ల కొట్టిండు. గంత సేపు చూపిచ్చుడు ఎందుకు? ఎవని కోసం?

2016 సెప్టెంబర్ల వానలకు నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగింది, యాదుందా మీకు? ఆ వారం ఆ దిక్కు ఆర్డర్ వడ్డది. బండి ఆగిపోయింది. మోకాళ్ళ నీళ్ళల్ల బండిని ఒక షాపు ముంగట వెట్టి, డబ్బా నెత్తిన వెట్కొని నడిసిన. ఇచ్చిన. లేటైందని నా పైసలు కోసిన్రు. నెల తర్వాత గ్లెన్ పోయిండు. ఆ రాత్రి మా రూముల ఎవ్వరం మాట్లాడలే. ఎనిమిదో సీజన్ వచ్చినప్పుడు మా నలుగుర్ల ఒక్కడు సుత చూడలే.

ఉప్పల్_ఉష:
తమ్ముడూ, ఆ వారం మేమూ మూడు రోజులు మేడ మీదే ఉన్నాం.

సోమాజిగూడ_శ్రీకర్:
తమ్ముడూ, నీ కష్టం నాకర్థమవుతుంది. కానీ ఒక్క డెలివరీ మాట పట్టుకుని మొత్తం కథని తూచలేం. గ్లెన్ చావు టీవీ వాళ్ళు కొత్తగా కల్పించింది కాదు. కామిక్ నూరో సంచికలో, 2012లోనే, అదే బ్యాట్‌తో అలాగే చచ్చాడు. అంటే కథ మొదటి నుంచీ అటే పోతోంది. పైగా ఆ తర్వాత నెగాన్ ఏమయ్యాడో మీరెవ్వరూ చూడలేదు, మానేశాం అని గొప్పగా చెప్పుకుంటున్నారు. ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. మంచు తుపానులో రిక్ కూతురు జూడిత్‌ని వెతికి మోసుకొచ్చాడు. పదో సీజన్‌లో శత్రుముఠా నాయకురాలు ఆల్ఫా గొంతు కోసింది ఆయనే. ఒక మనిషి మారడాన్ని అంత ఓపిగ్గా చూపిన సీరియల్ ఇంకోటి లేదు. చూడకుండా తీర్పులిస్తున్నారు.

గల్లీ_నంబర్_7:
నేను చూసిన అన్నా. లాక్‌డౌన్ల మొత్తం కూసోని చూసిన. అందుకే మాట్లాడుతున్న.

2021 ఏప్రిల్ల నెగాన్ కోసమని ఒక ఎపిసోడే తీసిన్రు. ఆయన పెండ్లాం లూసిల్, ఆమెకు క్యాన్సర్, ఈయన మందుల కోసం తిరుగుడు. ఆ పెండ్లాంగ చేసింది ఆ నటుని సొంత భార్యే. మంచిగ తీసిన్రు, నాకు సుత కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. గదే నాకు కోపం. సంపినోని బాధకు ఒక ఎపిసోడ్. గ్లెన్ కొడుకు, తాత హెర్షెల్ పేరే పెట్టుకున్నోడు, నాయిన లేక ఎట్ల పెరిగిండు, మాగీ ఒక్కతి ఎట్ల పెంచింది, దానికి ఎన్ని ఎపిసోడ్లు? మాగీ రెండేండ్లు తెర మీదనే లేదు. తిరిగొచ్చేసరికి మొగుణ్ణి సంపినోడు ఊర్ల తిరుగుతున్నడు.

నువ్వెందుకన్నా వాణ్ణి గంత ఎనకేసుకొస్తున్నవ్? పొద్దుగాల నుంచి నిద్రల సంపిన్రు, నిద్రల సంపిన్రు అంటున్నవ్. నీకేమైంది?

సోమాజిగూడ_శ్రీకర్:
నాకేమైందని అడిగే హక్కు నీకెవరిచ్చారు? చర్చ కథ గురించి. నీ సొంత గోడు తెచ్చింది నువ్వు.

మణికొండ_మధు:
కాస్త శాంతించండి ఇద్దరూ. నా ప్రశ్న జనం ఎందుకు తగ్గారని. ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌కే 1 కోటి 14 లక్షలకి పడిపోయింది. దాని గురించి ఎవరైనా మాట్లాడండి.

అల్వాల్_అరుణ:
శ్రీకర్ గారూ, ఆ అబ్బాయి తప్పుగా ఏం అడగలేదు. మీరు ఐదు పోస్టులుగా నెగాన్ తరఫు వకీలులా మాట్లాడుతున్నారు.

సోమాజిగూడ_శ్రీకర్:
సరే, చెబుతా.

మా నాన్న మా బాబాయికి అన్యాయం చేశారు. ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తర్వాత మారారు. మాట కోసం అనడం లేదు, నిజంగా మారారు. ఆఖరి పదేళ్ళు పండక్కి పండక్కి బాబాయి ఇంటికి వెళ్ళి గుమ్మం బయట నిలబడి వచ్చేవారు. లోపలికి రమ్మని ఒక్కసారి అనలేదు ఆయన. 2019లో నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకున్నా, ఒక్కసారి వచ్చి చూడమని. రాలేదు. దినాలకీ రాలేదు.

ఆఖరి ఎపిసోడ్‌లో నెగాన్ మాగీకి క్షమాపణ చెబుతాడు. ఆవిడ కొడుకు దగ్గర తానేం లాక్కున్నాడో ఇప్పుడు తెలిసిందంటాడు. ఆవిడేమంటుంది? క్షమించలేనంటుంది. ద్వేషించడం కూడా ఇష్టం లేదంటుంది, కానీ క్షమించలేనంటుంది. ఆ ముక్క దగ్గర నేను టీవీ కట్టేశా. తప్పు చేసినవాడు ఇంకెన్నేళ్ళు గుమ్మం బయట నిలబడాలి? నెగాన్ వల్ల సీరియల్ చెడిందని మీరంతా అంటుంటే నాకు వినబడేది అదే. వాడు రాకుండా ఉండాల్సింది, ఉన్నా మారకుండా ఉండాల్సింది, మారినా మేం చూడం.

బోడుప్పల్_బాలు:
శ్రీకర్ గారూ, బాధగా ఉంది చదివితే.

గల్లీ_నంబర్_7:
అన్నా, మీ నాయిన పోయినందుకు బాధనే. నేను గట్ల అడిగినందుకు ఏమనుకోకు.

గని నాకు ఆ సీనొక్కటే మంచిగనిపిచ్చింది మొత్తం పదకొండు సీజన్లల్ల. మాగీ అబద్ధమాడలే. నిన్ను చూస్తే ఆ బ్యాటు గ్లెన్ నెత్తి మీద పడుడే కనిపిస్తది అన్నది. దినాం పొద్దుగాల లేస్తే లేని మనిషి యాదికొస్తుంటే, అయినా క్షమించు అంటే ఎట్ల? నెగాన్ మారిండు, మంచిదే. మారిండని మాగీ తలుపు తియ్యాల్నా? మారుడు ఆయన పని. తలుపు ఆమెది.

సోమాజిగూడ_శ్రీకర్:
పదేళ్ళు, తమ్ముడూ. పదేళ్ళు నిలబడ్డారు.

గల్లీ_నంబర్_7:
ఇన్నా అన్నా. మీ నాయిన ఎన్నేండ్లు నిలబడ్డడో చెప్పినవ్. మీ బాబాయికి ఏం పోయిందో మాత్రం చెప్పలే.

మణికొండ_మధు:
నేను ఏడో సీజన్ వదిలేసి తొమ్మిదికి వెళ్ళాలా వద్దా? ఇది అడుగుదామనే మొదలుపెట్టా.

అల్వాల్_అరుణ:
వెళ్ళండి. మధ్యలో కార్ల్ చనిపోయేముందు రాసిన ఉత్తరం మాత్రం చదివి వెళ్ళండి.

సోమాజిగూడ_శ్రీకర్:
రెండెకరాల పొలం. మా పిన్ని నగలు. పెద్దవాడి చదువు ఇంటర్‌తో ఆగిపోయింది, ఇప్పుడు వాడు ఆటో నడుపుతున్నాడు.

అయినా ఆసుపత్రికి ఒక్కసారి వచ్చి ఉండాల్సింది.