మద్దతుదారులా, మద్దతుదారుడిదా?

అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ ‘చెత్త’ గొడవ గుర్తుందా? 2024 అక్టోబర్ 27న న్యూయార్క్‌లో ట్రంప్ సభ. అక్కడ ఒక కమెడియన్, అమెరికా కింద ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టో రికోని సముద్రంలో తేలే చెత్తదిబ్బ అన్నాడు. రెండు రోజులకి బైడెన్ ఓ వీడియో కాల్‌లో బదులిస్తూ, నాకు తేలుతూ కనిపించే ఒకే ఒక్క చెత్త ‘హిజ్ సపోర్టర్స్’ (ట్రంప్ మద్దతుదారులు) అని, అక్కడ తడబడి, వాక్యాన్ని లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) మీద విద్వేషం వైపు తిప్పేశారు.

వైట్‌హౌస్ ఇచ్చిన ప్రతిలో చివరి ‘ఎస్’ ముందు అపాస్ట్రఫీ (‘యొక్క’ అని చెప్పే పైకొమ్ము గుర్తు) వచ్చి కూర్చుంది. అంటే చెత్త మద్దతుదారులు కాదట, ఆ ఒక్క మద్దతుదారుడి, అంటే ఆ కమెడియన్ మాటలట! స్టెనోగ్రాఫర్ల విభాగం దీనికి ఒప్పుకోలేదని ఏపీ బయటపెట్టింది (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్). ఈలోపే ట్రంప్ విస్కాన్సిన్‌లో చెత్త లారీ ఎక్కి విలేకరులతో మాట్లాడేశారు.

వీడియో నాలుగుసార్లు విన్నాను. నా చెవికి బహువచనమే. కానీ ఇంగ్లిష్‌లో రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి సర్దుకోవడానికి సందు దొరికింది. తెలుగులో ‘మద్దతుదారులు’, ‘మద్దతుదారుడిది’ అనగానే తేలిపోదూ? మనవాళ్లకి ఆ సందు లేనట్టేనా?

జవాబు:
లేకేం మాస్టారూ! ‘వారి మాటలే చెత్త’ అనమనండి. ఎవరండీ ఆ ‘వారు’? పదిమందీ కావచ్చు, మర్యాదగా ఒక్కరూ కావచ్చు. మన గౌరవవాచకం ముందు అపాస్ట్రఫీ ఏపాటి?

మరో జవాబు:
దీనికి అక్కలాంటిది 2016 సెప్టెంబర్ 9న హిల్లరీ క్లింటన్ మాట. ట్రంప్ మద్దతుదారుల్లో సగంమందిని ‘బాస్కెట్ ఆఫ్ డిప్లొరబుల్స్’లో, అంటే ఛీకొట్టదగ్గవాళ్ల బుట్టలో వేయొచ్చన్నారు. మర్నాడు ఆ ‘సగం’ అన్నందుకు మాత్రం విచారం వెలిబుచ్చారు. అప్పట్లో దీన్ని తెలుగు చేయబోయి తల పట్టుకున్నాను. ‘నీచులు’ అంటే తిట్టు ముదిరిపోతుంది, ‘గర్హనీయులు’ అంటే ఎవరికీ తగలదు. ఇక బుట్ట సంగతి మరీ ఘోరం. ‘హిల్లరీ సగంమందిని బుట్టలో వేసుకున్నారు’ అని రాస్తే, మాయమాటలతో తన వైపు తిప్పుకున్నారనేగా అర్థం!

మాస్టారు:
బుట్ట వదిలేసి గంప ఎత్తుకోండమ్మా. ‘గంపగుత్తగా తిట్టారు’ అంటే సరి. కాకపోతే ఆవిడ సగమే అన్నారు, గంపగుత్తలో సగం ఉండదు.