ఆర్ఎమ్‌మాడ్ కొడితే ఊప్స్: వర్క్ ముందు ఆపాలా, ఇంటరప్టా?

లినక్స్ 6.6లో చిన్న డ్రైవర్ రాస్తున్నాను. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పంపే సంకేతం) హ్యాండ్లర్ తన లైన్‌ని డిసేబుల్ చేసి వర్క్‌క్యూలో (తర్వాత నడిపే పనుల వరుసలో) పని వేస్తుంది, ఆ పని సెన్సర్ చదివి చివర్లో లైన్‌ని మళ్లీ ఎనేబుల్ చేస్తుంది. నడిచినంతసేపూ బాగానే ఉంది, ఆర్ఎమ్‌మాడ్ కమాండ్‌తో మాడ్యూల్ తీసేటప్పుడే ఊప్స్ (కెర్నల్ లోపలి క్రాష్) గొడవ, అదీ పదిసార్లలో ఒకటి రెండుసార్లు.

క్యాన్సిల్_వర్క్_సింక్ (వేసిన పనిని రద్దు చేసేది) ముందు పెట్టి ఫ్రీ_ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్‌ని వదిలేసేది) తర్వాత పెడితే, ఆ రెంటి సందులో ఇంటరప్ట్ వచ్చి మళ్లీ పని వేసేస్తోంది, కెఫ్రీ (మెమరీ వదిలేయడం) అయ్యాక అది నడిచి ఊప్స్. తిరగేస్తే, వదిలేసిన లైన్‌ని ఆ పని ఎనేబుల్ చేస్తోంది. కెఫ్రీకి ముందు 500 మిల్లీసెకన్ల నిద్ర కూడా పెట్టాను (సిగ్గుగానే ఉంది), ఊప్స్ కనబడలేదు గానీ అది కప్పిపెట్టడమే.

డిసేబుల్_వర్క్_సింక్ (పనిని రద్దు చేసి, మళ్లీ వేయనివ్వనిది) 6.10లో గానీ రాలేదు, నేను కెర్నల్ మార్చలేను. 6.6లోనే రిమూవ్ ఫంక్షన్‌లో వీటిని ఏ వరుసలో ఆపితే రెండు తంటాలూ తప్పుతాయి?