మిరప పేజీకి నేను పెట్టిన టైటిల్ ఒకటి, గూగుల్ చూపిస్తున్నది ఇంకొకటి

నారుమడి:

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. అగ్రికల్చర్ డిప్లొమా చేసి మా మామయ్య పురుగుమందుల కొట్లో కూర్చుంటున్నా. రెండేళ్ళ నుంచి రాత్రిళ్ళు వర్డ్‌ప్రెస్‌లో ఒక తెలుగు సైటు నడుపుతున్నా. మిరప, పత్తి, వరి, వేరుశనగ, మొక్కజొన్న మీద ఇప్పటికి 64 వ్యాసాలయ్యాయి. ఫొటోలన్నీ నేను చేలల్లో తిరిగి తీసినవే.

ఎందుకు మొదలుపెట్టానంటే, మిరపలో ఆకుముడత రెండు రకాలు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని బోర్లించిన పడవలా అయి, కాడ సాగిపోతే కింద ముడత, అది తెల్లనల్లి పని. దీనికి కొట్టే మందు చాలావరకు దానికి పనిచేయదు. కొట్టుకొచ్చిన రైతు "ముడతకి మందియ్యి" అంటాడు. పైకా కిందికా అని అడిగితే ఆలోచనలో పడతాడు. తప్పు మందు పట్టుకెళ్ళి కొట్టి, వారం పోయాక మళ్ళీ వస్తాడు. ఆ వారంలో తోట చేయి దాటిపోతుంది. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా మిరపను ఊడ్చిపెట్టినప్పుడు మా నాన్న రెండెకరాల తోట దున్నేశాడు. ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నా. ఆకు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషికి ఫోన్‌లో సరైన పేజీ దొరకాలని నా ఆశ.

ఇప్పుడు సమస్య. మొదట్లో నా టైటిళ్ళు "మిరపలో రసం పీల్చు పురుగులు – సమగ్ర సస్యరక్షణ, యాజమాన్య పద్ధతులు" ఇలా ఉండేవి. జనం రావట్లేదని పోయిన ఏడాది గుంటూరులో ఒక ఏజెన్సీకి డబ్బు కట్టా. వాళ్ళు అన్ని టైటిళ్ళనూ ఇంగ్లీషులోకి మార్చారు. మిరప పేజీలన్నిటికీ ఒకే తోకలాగా "మిర్చి తెగుళ్ళు, మిరప తెగుళ్ళు, మిరపకాయ తెగుళ్ళు, బెస్ట్ మిర్చి మందులు" అని తగిలించారు. కీవర్డ్స్ అన్న డబ్బాలో నలభై మాటలు కుక్కారు. దాంతో ఇంకా పాడైంది. గూగుల్‌లో వెతికితే చాలా పేజీలకు నా సైటు పేరు ఒక్కటే టైటిల్‌గా కనిపిస్తోంది. కొన్నిటికి వ్యాసం మధ్యలో ఉన్న ఏదో హెడ్డింగు పడుతోంది. సెర్చ్ కన్సోల్‌లో (మన పేజీలు గూగుల్‌లో ఎన్నిసార్లు కనిపించాయో, ఎంతమంది నొక్కారో చూపే గూగుల్ పనిముట్టు) చూస్తే పేజీలు కనిపిస్తున్నాయి గానీ క్లిక్కులు లేవు.

గూగుల్ ఎందుకు మారుస్తోంది? టైటిల్ తెలుగు లిపిలో పెట్టాలా, తెలుగే ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలా? సైటుకు తగిలించిన ప్లగిన్ ఏమో టైటిల్ పొడవైందని ఎర్ర రంగు చూపిస్తోంది, దాన్ని నమ్మొచ్చా? తోటలు నాటి నెల దాటింది, ముడత మొదలయ్యే లోపు సరిచేసుకోవాలి. సైటు లింకు కింద పెట్టా, దయచేసి చెప్పండి.


రాత్రిడెస్కు:

తమ్ముడూ, నువ్విచ్చిన లింకు తెరిచి పేజీ సోర్స్ చూశాను. హైదరాబాదులో ఒక తెలుగు వార్తల వెబ్ డెస్కులో పదకొండేళ్ళు రాత్రి షిఫ్టు చేశాను. హెడ్డింగులు పెట్టడమే నా పని, కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

టైటిల్ ట్యాగులో (పేజీ కోడులో టైటిల్ రాసే చోటు) రాసినదాన్నే చూపిస్తానని గూగుల్ ఎప్పుడూ మాటివ్వలేదు. 2021 ఆగస్టులో పద్ధతి మార్చాక అయితే పేజీలో పెద్దక్షరాలతో కనిపించే హెడ్డింగును, అంటే కోడులో హెచ్1 అని గుర్తుపెట్టే ప్రధాన హెడ్డింగును కూడా గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టింది. అప్పట్లో మా డెస్కంతా గగ్గోలు పెట్టాం. ఆ సెప్టెంబరులో వాళ్ళే చెప్పిన లెక్క ప్రకారం 87 శాతం సార్లు టైటిల్ ట్యాగునే వాడుతున్నారు. అంటే నీ పేజీల్లో ఇన్ని మారుతున్నాయంటే మీ ఇంట్లోనే ఏదో తేడా ఉందన్నమాట. నాకు రెండు కనిపించాయి.

ఒకటి, సైటు రూపాన్ని నిర్ణయించే నీ థీమ్ లోగో పక్కన ఉన్న సైటు పేరును ప్రతి పేజీలోనూ హెచ్1 చేసేసింది. వ్యాసం హెడ్డింగు హెచ్2కి దిగిపోయింది. గూగుల్ టైటిల్ ట్యాగు చూస్తే తోక, హెచ్1 చూస్తే సైటు పేరు. సైటు పేరే తీసుకుంది. థీమ్ సెట్టింగులు చూడు, కుదరకపోతే ఎవరైనా తెలిసినవాళ్ళతో రెండు లైన్లు మార్పించు. వ్యాసం హెడ్డింగు ఒక్కటే హెచ్1 కావాలి.

రెండోది, వ్యాసమంతా తెలుగు, టైటిల్ ఇంగ్లీషు. పేజీ ఏ భాషలో, ఏ లిపిలో ఉందో టైటిల్ కూడా అందులోనే ఉండాలని గూగుల్ తన సూచనల్లోనే రాసుకుంది. 2022 జూన్ నుంచి భాషో లిపో కలవని టైటిళ్ళను పక్కనపెట్టి పేజీలోంచి వేరే మాటలు ఏరుకునే పని ఇంకా బాగా చేస్తోంది. నీ వ్యాసం మధ్యలో హెడ్డింగు టైటిల్‌గా పడటానికి కారణం అదే అయుంటుంది. ఆ ఏజెన్సీ నిన్ను ఇంగ్లీషుకి మార్చి చాలా అన్యాయం చేసింది. నలభై కీవర్డ్స్ డబ్బా ఖాళీ చేసేయ్. గూగుల్ దాన్ని ర్యాంకింగుకు చూడదని 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది.

ఇవి అరపూట పని. కూర్చుని చేయాల్సింది మాటల పని.

"సమగ్ర సస్యరక్షణ, యాజమాన్య పద్ధతులు" అని నువ్వు పరీక్షలో రాశావు. నీ కొట్టుకొచ్చిన మనిషి ఆ మాట ఒక్కసారైనా అన్నాడా? "ముడతకి మందియ్యి" అన్నాడని నువ్వే రాశావు. ఆ మాటే టైటిల్‌లోకి రావాలి. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ సెర్చికి తెలుగొచ్చింది. అప్పటినుంచి టైపు చేయడం రానివాళ్ళు కూడా ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని "మిరప ఆకు ముడుచుకుపోతోంది ఏం మందు కొట్టాలి" అని నిండు వాక్యం అడుగుతున్నారు. డెస్కులో సెర్చ్ కన్సోల్ తెరిస్తే అలాంటివి రోజూ చూసేదాన్ని.

రసం పీల్చు పురుగులన్నిటికీ కలిపి రాసిన ఆ ఒక్క పేజీని పై ముడతకొకటి, కింద ముడతకొకటి విడగొట్టు. ఒకే టైటిల్ కింద రెండూ పెడితే రైతు చేసే పొరపాటునే మనమూ చేసినట్టు. నేనైతే ఇలా పెడతాను: "మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు: గుర్తులు, మందులు". రెండోదానికి "మిరప ఆకులు కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి: గుర్తులు, మందులు". చదివినవాడు క్లిక్కు కొట్టకపోయినా ఆకు తిప్పి చూస్తాడు.

ఇంకోటి. పంట పేరు మొదటి మాటగా ఉండాలి. దీనికి కారణం మన భాషలోనే ఉంది. తామర అంటే ఒంటి మీద గజ్జిలాంటిది కూడా. "తామర మందు" అని వెతికేవాళ్ళలో చర్మం దురదతో బాధపడేవాళ్ళుంటారు. నల్లి అంటే మంచంలో నల్లి. దోమ అంటే మనల్ని కుట్టే దోమ. నీ పత్తి పేజీకి "దోమ నివారణ" అని పెట్టావు చూడు, దాని కింద సెర్చ్ కన్సోల్‌లో ఏ ప్రశ్నలొచ్చాయో తెరిచి చూడు. "పత్తిలో పచ్చదోమ" అని రాస్తే గందరగోళం ఉండదు.

సైటు పేరు ప్రతి టైటిల్‌కీ ముందు పెట్టకు. 2022 అక్టోబరు నుంచి ఫోన్‌లలో గూగుల్ సైటు పేరును టైటిల్ పైన విడిగా చూపిస్తోంది. అలాగే ఒక వ్యాసంలో సమాచారం ఈ ఏడాదికి మార్చి, టైటిల్‌లో 2022 అలాగే వదిలేశావు. దాన్ని ఇవాళే తీసెయ్యి.


పిక్సెల్‌మడత:

అక్కతో ఒక్కచోట నాకు పేచీ ఉంది. మా కుర్రాళ్ళంతా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. వాళ్ళను వదిలేస్తే ఎలా?

పొడవు సంగతి నేను చెబుతా. గూగుల్ ఇన్ని అక్షరాలని హద్దు పెట్టలేదు, తెర వెడల్పుకు పట్టినంత చూపించి మిగతాది కోసేస్తుంది. ఇంగ్లీషులో 50, 60 అక్షరాలని చెప్పే లెక్క మనకు అతకదు. తామర పురుగుకు ఇంగ్లీషు పేరైన "త్రిప్స్" అన్న మాట చూడండి. కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూనికోడ్ పద్ధతిలో త, పొల్లు, ర, గుడి, ప, పొల్లు, స, పొల్లు, మొత్తం ఎనిమిది. అక్షరాలు లెక్కపెట్టే ప్లగిన్ ఎనిమిది అంటుంది. కానీ ఒత్తు చాలావరకు అక్షరం కిందే ఉంటుంది కాబట్టి అంత చోటు ఆక్రమించదు. అందుకని ఎర్ర రంగు పట్టించుకోకుండా మీ ఫోన్‌లోనే వెతికి చూసుకోండి. పంట, లక్షణం మొదటి నాలుగైదు మాటల్లో వచ్చేస్తే తర్వాత కోసినా నష్టం లేదు.


రాత్రిడెస్కు:

పొడవు విషయంలో మీ మాటే కరెక్టు. ఇంగ్లీషు అక్షరాల సంగతికి, వాళ్ళను వదలొద్దు. పేజీ చిరునామాలో ఇంగ్లీషు అక్షరాలతో పెట్టొచ్చు. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు బారెడు పర్సెంటు గుర్తులు వస్తాయి, అది చూసి భయపడి లింకు తెరవనివాళ్ళుంటారు. వ్యాసంలో కూడా ఒకచోట రాయొచ్చు. టైటిల్‌లో మాత్రం తెలుగు లిపే ఉంచమంటాను. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవాళ్ళకు కూడా మా తెలుగు టైటిళ్ళు కనిపించడం, వాళ్ళు వాటి మీద నొక్కడం నేను ఏళ్ళ తరబడి చూశాను.


మక్కచేను:

అన్నా, నేను మహబూబాబాద్ దిక్కు. మిర్చి, మక్క ఏస్తం. సదువుకున్నోళ్ళు టైటిల్ గురించి ఇంత మాట్లాడుతున్నరు గనుక రైతుగ నా మాట గూడ సెప్త. నేను చేన్ల నిలబడి ఎతికినప్పుడు పైన మూడు నాలుగు కనవడ్తయి. "ఒక్క స్ప్రేతో ముడత మాయం" అన్నది నేను అస్సలు నొక్క. రెండేండ్ల కింద గట్లనే నొక్కి, అండ్ల రాసిన మందు తెచ్చి కొట్టిన. కింద ముడతకు పై ముడత మందు కొట్టినట్టైంది. అందుకే నువ్వు పైకి, కిందికి అని విడిగ పెడ్తే మాకు శానా మేలు.

ఇంకోటి అన్నా. మా దిక్కు మొక్కజొన్న అనం, మక్క అంటం. కత్తెర పురుగు అంటే అందరికి తెలుసు, 2018 కాడికెల్లి దానితోనే సస్తున్నం. గానీ మొక్కజొన్న అని రాస్తే అది మాకోసం రాసినట్టు అనిపియ్యదు.


నారుమడి:

అక్కా, అన్నా, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వెంటనే రాయకుండా మూడు వారాలు ఆగాను, చేసి చూశాక చెబుదామని.

ముందు హెచ్1 సంగతి. పిడుగురాళ్ళలో నాతో చదివిన ఒకతను వచ్చి థీమ్‌లో మార్చాడు, పావుగంట పట్టింది. కీవర్డ్స్ డబ్బా తుడిచేశా. తర్వాత టైటిళ్ళ కోసం కంప్యూటర్ ముందు కూర్చోలేదు. కొట్టు కౌంటర్ మీద ఒక నోటుబుక్కు పెట్టి, వచ్చిన ప్రతి రైతూ నోరు తెరిచి అన్న మొదటి మాట రాసుకున్నా. "చెట్టు గిడసబారిపోయింది", "పూత రాలిపోతంది", "కాయ మీద మచ్చలు", "కొమ్మ పైనుంచి ఎండుకొస్తంది". మా వ్యాసాల్లో ఉన్న కొమ్మ ఎండు తెగులు అన్న మాట ఒక్కరు కూడా అనలేదు, "ఎండుకొస్తంది" అనే అన్నారు. ఆ పేజీ ఇప్పుడు "మిరప కొమ్మలు పైనుంచి ఎండుతుంటే: కొమ్మ ఎండు, కాయకుళ్ళు తెగులు" అయింది.

అక్క చెప్పినట్టు పత్తి దోమ పేజీ కింద ప్రశ్నలు తెరిచి చూశా. "ఇంట్లో దోమలు పోవాలంటే" అని వెతికినవాళ్ళకు నా పత్తి పేజీ కనిపించింది! ఇన్నాళ్ళూ కనిపిస్తున్నా ఎవరూ నొక్కట్లేదని బాధపడ్డా, వాళ్ళు నొక్కకపోవడమే న్యాయం.

మిరప ముడత పేజీని రెండు చేసి, సెర్చ్ కన్సోల్‌లో రెంటికీ ఇండెక్సింగ్ (గూగుల్ వచ్చి పేజీని చదివి తన జాబితాలో చేర్చుకోవడం) అడిగా. పై ముడత పేజీ టైటిల్ ఐదో రోజుకి నేను రాసింది రాసినట్టు కనిపించింది. కింద ముడతది రెండు వారాలు పట్టింది. ఇంకా ఏడెనిమిది పేజీలకు పాత సైటు పేరే వస్తోంది, వాటికోసం ఎదురుచూస్తున్నా. క్లిక్కులు పెరుగుతున్నాయి. అంతకన్నా ముఖ్యమైనది నిన్న సాయంత్రం జరిగింది. వినుకొండ వైపు నుంచి ఒక పెద్దాయన కొట్టుకొచ్చి, చొక్కా జేబులోంచి తడిగుడ్డలో చుట్టిన రెండాకులు తీసి కౌంటర్ మీద పరిచాడు. "ఇది కింద ముడతే కదయ్యా, ఫోన్‌లో చూసుకునే వచ్చా" అన్నాడు. కాడలు సాగి, ఆకు బోర్లించిన పడవలా ఉంది. అది నా పేజీయో కాదో నేను అడగలేదు.

మహబూబాబాద్ అన్నా, మీ మాట ప్రకారం మొక్కజొన్న పేజీ "మక్క (మొక్కజొన్న) చేనులో కత్తెర పురుగు: సుడిలో రంధ్రాలు కనిపిస్తే" అని మార్చా. సరిపోయిందా చెప్పండి. ఇక వేరుశనగ దగ్గర ఆగిపోయా. తెలంగాణలో పల్లి అంటారు, కర్నూలు వైపు బుడ్డలు, అనంతపురంలో శెనక్కాయలు. మూడూ ఒకే టైటిల్‌లో పెడితే మళ్ళీ ఏజెన్సీ తోకలాగే అవుతుంది. ఆకుమచ్చ తెగులు పేజీ ఎక్కువగా అనంతపురం, సత్యసాయి జిల్లాల వాళ్ళకే పనికొస్తుంది కాబట్టి శెనక్కాయ ముందు పెట్టి, మిగతావి వ్యాసం మొదటి పేరాలో పెడదామనుకుంటున్నా. ఆ వైపు వాళ్ళెవరైనా ఉంటే, మీ ఊళ్ళో ఆకు మీద నల్లమచ్చలొచ్చినప్పుడు నోటితో ఏమంటారో ఆ మాట ఒక్కటి రాసి పెట్టండి.