దంతపురం ఎక్కడ? బుద్ధుని దంతం బయలుదేరింది మన జిల్లా నుంచేనా?

వంశధార (శ్రీకాకుళం)
తేలని చారిత్రక రహస్యాలంటే అందరికీ అట్లాంటిసూ క్లియోపాత్రా సమాధీ గుర్తుకొస్తాయి. సరుబుజ్జిలి మండలంలో ఉన్న మట్టికోట మాత్రం ఎవరికీ గుర్తురాదు. శ్రీలంకలోని క్యాండీలో నేడు పూజలందుకుంటున్న బుద్ధుని దంతం కళింగ రాజధాని దంతపురం నుంచి వెళ్లిందని బౌద్ధ గ్రంథాలు చెబుతున్నాయి. గుహశివుడనే రాజు యుద్ధంలో ఓడిపోయేలా ఉన్నాడు. శత్రువుల కళ్లన్నీ ఆ దంతం మీదే. కూతురు హేమమాల దాన్ని కొప్పులో దాచుకుని, భర్త దంతకుమారుడితో మారువేషంలో బయటపడి, ఓడెక్కి లంక చేరింది. అప్పుడు అనురాధపురంలో మేఘవర్ణుడు రాజు. అంటే 4వ శతాబ్దం తొలి భాగం.
ఆ దంతపురం సరుబుజ్జిలిలోని ఆ మట్టికోటే, అంటే మన దంతవక్త్రుని కోటేనని నా నమ్మకం. చూసినవాళ్లు, చదివినవాళ్లు తెలిసింది రాయండి.

పొందూరు నేత
నేను చూశాను. ఆమదాలవలస దాటి లోపలికి వెళ్లాలి. కోట అనగానే రాతి బురుజులు ఊహించుకుని వెళ్లేవాళ్లకు అక్కడ ఏమీ కనిపించదు. ఎత్తైన మట్టిగట్టు, దాని మీద తాటిచెట్లు, లోపల పొలాలు. వాన వెలిశాక గట్టు పక్కన నడిస్తే మాత్రం కాళ్ల కిందే పెంకులు తేలుతాయి. కొన్ని ఎర్రవి, కొన్ని ఒకవైపు నలుపూ మరోవైపు ఎరుపూ. అంచు దగ్గర వేలితో గీసిన గీత ఇంకా చెక్కుచెదరని పెంకు ఒకటి చూశాను, అక్కడే వదిలి వచ్చాను. ఊళ్లోవాళ్లను అడిగితే దంతవక్త్రుడి కథ చెప్పారు. బుద్ధుడి మాట ఎవరి నోటా రాలేదు.

పాత శాసనాలు (విజయనగరం)
ఊరివాళ్ల కథను తీసిపారేయకండి. భాగవతంలో దంతవక్త్రుడు కరూశ దేశపు రాజు, కృష్ణుడి చేతిలో చనిపోయాడు. ఆ దేశం ఇక్కడిది కాదు. అయితే మహాభారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు కళింగులను దంతకూరం దగ్గర మర్దించాడన్న మాట ఉంది. ఆ దంతకూరమే దంతపురమని కొందరు పండితుల అభిప్రాయం. కాబట్టి కోటకు ఆ పేరు ఊరికే అంటుకుని ఉండదు.
గట్టి ఆధారాలు వేరే ఉన్నాయి. పాళీ బౌద్ధ గ్రంథం దీఘనికాయంలోని మహాగోవింద సుత్తం కళింగుల నగరంగా దంతపురాన్నే చెబుతుంది. తూర్పు గాంగరాజు ఇంద్రవర్మ వేయించిన జిర్జింగి తామ్రశాసనం దంతపురం నుంచి జారీ అయింది. అది గాంగశకం 39వ ఏటిది, అంటే 6వ శతాబ్దం. జిర్జింగి టెక్కలి దగ్గరి ఊరు. రాజు తన నగరంలో కూర్చుని మన ప్రాంతంలో భూమిని దానం చేస్తున్నాడంటే, ఆ నగరం మరీ దూరంలో ఉండే అవకాశం తక్కువ.

గజపతినగరం టీచరు
శాసనాలు గారూ, మీ మాట కాదనను. కానీ ఎదుటి పక్షం వాదన కూడా చెప్పుకోవాలి కదా. 19వ శతాబ్దపు బ్రిటిష్ పండితుల్లో ఫెర్గూసన్ పూరీయే దంతపురం అన్నాడు. కన్నింగ్‌హామ్ రాజమహేంద్రవరం అన్నాడు. రోమన్ రచయిత ప్లినీ గంగ ముఖద్వారం నుంచి కళింగ అగ్రానికీ (దంతపురమేనని కొందరు భావించే) దండగుడ పట్టణానికీ 625 మైళ్లని రాశాడు. రోమన్ మైళ్లను మార్చితే సుమారు 925 కిలోమీటర్లు. ఆ లెక్క మన తీరాన్ని దాటి గోదావరి దిక్కుకు పోతుంది.
అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. హేమమాల దంపతులు ఓడ ఎక్కింది తామ్రలిప్తిలో అని ఈ దంతం కథ చెప్పే పాళీ కావ్యం దాఠావంసం చెబుతోంది. అది నేటి పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్. పక్కనే కళింగపట్నం రేవు ఉండగా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయేవాళ్లు వందల మైళ్లు ఉత్తరానికి నడుస్తారా?

దీపస్తంభం (కళింగపట్నం)
నడుస్తారు మాస్టారూ. మా ఇళ్లలో సముద్రం మీద బతికినవాళ్లు ఉన్నారు కనుక చెబుతున్నాను. పారిపోయేవాడికి కావలసింది దగ్గరి రేవు కాదు, లంకకు వెళ్లే ఓడ. సొంత రాజ్యపు రేవులో శత్రువు కాపలా పెట్టకుండా ఉంటాడా? చైనా యాత్రికుడు ఫాహియాన్ 5వ శతాబ్దం మొదట్లో తామ్రలిప్తిలోనే వర్తకుల ఓడ ఎక్కి 14 పగళ్లూ రాత్రులూ ప్రయాణించి లంక చేరాడు. దంతాన్ని ఊరేగింపుగా అభయగిరి విహారానికి తీసుకువెళ్లడం అక్కడ చూసి రాశాడు. హేమమాల వెళ్లిన నూరేళ్లకే ఆ ఉత్సవం అంత ఘనంగా జరుగుతోందంటే, కథలో వెంట్రుకంతయినా నిజం ఉన్నట్టే.

గజపతినగరం టీచరు
ఓడ సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే మనకు దొరికే దాఠావంసం 13వ శతాబ్దంలో కూర్చిన కావ్యం. 900 ఏళ్ల తర్వాతి కవికి తెలిసిన పెద్ద రేవు పేరు కథలోకి వచ్చి ఉండవచ్చు కూడా.

పొందూరు నేత
అలాగైతే తామ్రలిప్తి మనకు అడ్డమే కాదు కదా!

రాజాం గృహిణి
నేను మావారితో క్యాండీ వెళ్లాను. దంతాన్ని ఉంచిన గుడి దళదా మాలిగావ మేడ మీద వరుసలో నిలబడాలి. డోళ్ల మోత చెవులు దద్దరిల్లేలా ఉంటుంది. చేతుల్లో తామర పువ్వులు. తలుపు తీసిన కాసేపట్లో స్తూపం ఆకారంలోని బంగారు భరిణె కనిపిస్తుంది. దాని లోపల భరిణె, ఆ లోపల మరొకటి. దంతం మాత్రం కనిపించదు. పక్కనున్న పెద్దావిడ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని దండం పెడుతోంది. మేము కళింగం నుంచి వచ్చామని ఆమెతో చెప్పాలని ఎంతో అనిపించింది, భాష రాక చెప్పలేకపోయాను.
ఇంకో చిక్కు కూడా చెబుతాను. 1560లో పోర్చుగీసువారు జాఫ్నాను దోచినప్పుడు ఒక దంతం వారి చేతికి చిక్కింది. పెగూ (బర్మా) రాజు ఎంతో ధనం ఇస్తానన్నా వినకుండా గోవాలో దాన్ని నూరి, కాల్చి పారేశారు. అది నకలు, అసలుది మా దగ్గరే భద్రంగా ఉందని లంకవారి నమ్మకం. కాబట్టి ఎక్కడి నుంచి వెళ్లిందన్నదే కాదు, ఏది మిగిలిందన్నదీ ప్రశ్నే.

వంశధార (శ్రీకాకుళం)
అమ్మా, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.
మాస్టారు అడిగిన ప్లినీ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. నాకు మాత్రం జిర్జింగి శాసనమే అన్నింటికన్నా బరువైనది. మన జిల్లాలోని శాలిహుండం కూడా తోడుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో గుర్తించిన ఆ కొండ మీద స్తూపాలూ చైత్యాలూ ధాతువుల (పవిత్ర అవశేషాల) భరిణెలూ బయటపడ్డాయి. విజయనగరం వైపు రామతీర్థంలోనూ బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఇంత బౌద్ధం వర్ధిల్లిన నేల మీద ఆ నగరం ఉండటంలో వింత ఏముంది?

పాత శాసనాలు (విజయనగరం)
విహారాలు ఉన్నంత మాత్రాన రాజధాని రుజువు కాదు. కోటలో ఊరి పేరున్న ముద్రో శాసనమో దొరకాలి. గట్టు మట్టిని ఎవరూ తవ్వుకుపోకుండా ఉంటేనే అది దొరికేది. రాజాం అమ్మా, మీరు తీసిన ఫోటోలు ఉంటే ఇక్కడ పెట్టండి. వచ్చే ఆదివారం శాలిహుండం వెళ్లదలచినవాళ్లు శ్రీకాకుళం బస్టాండుకు పొద్దున్నే వస్తే కలిసి వెళదాం. దారిలో దీపస్తంభం అన్నను కూడా ఎక్కించుకుందాం.